గిలాబా వెనుక ధర్మం

నాయనా, నందిగాంలో ఇల్లు కట్టబూనినా, పలాసలో జీడిపిక్కల షెడ్డు లేపబూనినా, పునాదికి ముగ్గు పోయకముందు ఒక తెల్లవారుజామును తలచుకో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు వచ్చినప్పుడు 165. తరతరాలు పెంచుకున్న కొబ్బరి, జీడి, పనస ఉద్దానంలో నేలకొరిగాయి. ఆ గాలి మళ్లీ రాదని ఎవరు మాట ఇవ్వగలరు?

165 కిలోమీటర్ల విసురు ఎదురుగా తగిలితే ప్రతి చదరపు మీటరు గోడ మీదా సుమారు 125 కిలోల ఒత్తిడి పడుతుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గోడను ఒకటిన్నర టన్నుల బలం పక్కనుంచి తోస్తుందన్నమాట. ఉక్కు స్తంభం కొంత వంగి మళ్లీ నిలుచుంటుంది. ఇటుక గోడ పైబరువును ఓర్పుతో మోస్తుంది గాని, పక్కపోటుకు తాళలేదు. కనుక ఈ రెంటినీ ఒక్క కప్పు కింద నిలిపేవాడు రెంటి స్వభావమూ ఎరిగి ఉండాలి. ఉక్కు చట్రానికి ముడిపడని గోడ ఆ ఇంట అతిథి మాత్రమే. స్తంభానికి కమ్మీలు తగిలించి, కొన్ని వరుసలకొకసారి ఇటుకల నడుమ మాలులో ఇముడ్చు. కిటికీల మీదుగా కాంక్రీటు పట్టీని ఎక్కడా తెగనీయక చుట్టూ నడిపించు.

అలాగని ఊపిరాడనంత బిగించకు. 30 మీటర్ల ఉక్కు 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 11 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇటుక అందులో సగమే. కమ్మీ గోడను పడిపోనీయకుండా పట్టాలి, ఉక్కు కదలికకు అడ్డు రాకూడదు. దూలం కింద సన్నని సందు విడిచి, మెత్తని పదార్థంతో నింపు. ఆ సందును తాపీమేస్త్రీ లోపమనుకుని మాలుతో పూడ్చేయవచ్చు. దగ్గరుండి ఎందుకో చెప్పు.

నౌపడ ఉప్పుమడులు మనకెంతో దూరం కావు. ఉప్పుగాలి ఇనుమును మౌనంగా తింటుంది. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది. లోపలినుంచే గోడను చీలుస్తుంది. గోడ లేచాక స్తంభం వెనక్కి కుంచె పోదు, కనుక రంగు ముందే వేయాలి. చవకగా దొరికిందని సముద్రపు ఇసుక మాలులో కలపడం ఆ ఇంటికి చేసే ద్రోహం. కప్పు రేకులను గాలి పైకి పీకుతుంది. వాటి కొక్కీలనుంచి పునాదిలోని బోల్టుల దాకా పట్టు ఎక్కడా తెగకూడదు.

ఇవన్నీ రేపు గిలాబా కింద దాగిపోయేవే. ఇల్లు కట్టమని డబ్బు పంపినవాడు ఏ దూరనగరంలోనో కూలిపనిలో ఉంటాడు. ఇక్కడ ముసలితల్లి ఒక్కతే ఉంటుంది. ఆమెను పిలువు. ప్రతి కమ్మీనీ, ప్రతి బోల్టునూ, ఆ సన్నని సందునూ చూపి, ఏది ఎందుకో ఆమె మాటల్లో చెప్పు. ఆమె చేయి వేసి చూసేదాకా గిలాబాకు మాలు కలపవద్దు.