నాయకత్వం - ఎవరూ పంచుకోలేని బరువు



అది మదీనా నగరం. రాత్రి చాలా పొద్దుపోయింది. ఊరి వెలుపల సిరార్ అనే చోట దూరంగా ఒక మంట కనిపించింది. విశ్వాసుల నాయకుడు హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) తన సేవకుడు అస్లమ్‌ను వెంటబెట్టుకొని అటు నడిచారు. దగ్గరకు వెళ్ళి చూస్తే ఒక స్త్రీ, ఆమె చుట్టూ ఏడుస్తున్న పసిపిల్లలు, పొయ్యి మీద కుండ. పిల్లలు ఎందుకు ఏడుస్తున్నారని అడిగితే ఆకలికి అని ఆమె చెప్పింది. కుండలో ఉన్నవి వట్టి నీళ్ళేనట. ఏదో వండుతున్నట్లు నమ్మించి పిల్లల్ని నిద్రపుచ్చాలని ఆ తల్లి ప్రయత్నం. తనకూ ఉమర్‌కూ మధ్య అల్లాహ్‌యే తీర్పు చేస్తాడని కూడా ఆమె అంది. ఎదురుగా నిలబడి ఉన్నది ఆ ఉమరేనని ఆమెకు తెలియదు.

మీ పరిస్థితి ఉమర్‌కు ఎలా తెలుస్తుందని ఆయన అడిగారు. దానికి ఆమె చెప్పిన జవాబును మనం గుండెల మీద రాసుకోవాలి. మా వ్యవహారాలకు బాధ్యుడై ఉండి, మా సంగతే ఎరగకుండా ఉంటాడా అని ఆమె నిలదీసింది!

హజ్రత్ ఉమర్ (రజి) మారు మాట్లాడలేదు. పరుగులాంటి నడకతో పిండి నిల్వచేసే గిడ్డంగికి వెళ్ళారు. పిండి మూట, కొంత కొవ్వు బయటికి తీసి, వాటిని తన వీపు మీదికి ఎత్తమని అస్లమ్‌తో అన్నారు. తాను మోస్తానని అస్లమ్ బతిమాలాడు. ప్రళయదినాన కూడా నా బరువు నువ్వే మోస్తావా అని ఖలీఫా అడిగేసరికి అతని దగ్గర సమాధానం లేకపోయింది. ఆ మూట ఖలీఫా వీపు మీదే సిరార్ చేరింది. ఆయనే పొయ్యి ఊదారు. పొగ ఆయన గడ్డం వెంట్రుకల మధ్య నుంచి వెలువడడం చూశానని అస్లమ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. పిల్లలు కడుపునిండా తిన్నారు. అయినా ఆయన వెంటనే తిరిగి వెళ్ళలేదు. కాస్త దూరంలో కూర్చొని, వాళ్ళు నవ్వుతూ ఆడుకొని నిద్రపోయేదాకా చూసి, అప్పుడు లేచారు. ఏడుస్తుండగా చూసిన పిల్లల్ని నవ్వుతుండగా చూడకుండా వెళ్ళడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఈ సంఘటన మనలో చాలామంది విన్నదే. విని, కళ్ళు తుడుచుకొని, మరచిపోతుంటాం. కానీ ఇందులో నాయకత్వం గురించి రెండు గట్టి పాఠాలున్నాయి. మొదటిది: ‘నాకు తెలియదు’ అన్నది బాధ్యుడు చెప్పదగిన జవాబు కాదు. తెలుసుకోవడం కూడా అతని పనిలో భాగమే. రెండవది: ఈ బరువును మరొకరి వీపు మీదికి నెట్టడం కుదరదు. ఇహలోకంలో మూట మోసేవాళ్ళు దొరుకుతారు. పరలోకంలో మాత్రం ఎవరి బరువునూ మరొకరు మోయరని, బరువుతో కుంగిపోతున్నవాడు పిలిచినా, పిలుపు విన్నది దగ్గరి బంధువే అయినా అందులో కొంచెం కూడా ఎత్తుకోడని దివ్య ఖుర్ఆన్ 35వ సూరాలో మనల్ని హెచ్చరిస్తోంది.

అడిగి తెచ్చుకునేది కాదు

పదవి కోరుకోవద్దని, కోరి తెచ్చుకుంటే దాని భారానికే వదిలివేయబడతావని, కోరకుండా వస్తే అల్లాహ్ సహాయం తోడుంటుందని దైవప్రవక్త (సఅసం) అబ్దుర్రహ్మాన్ బిన్ సముర (రజి)కి బోధించారు. అబూజర్ గిఫారీ (రజి) ఎంతటి నిరాడంబరులో, ఎంతటి సత్యసంధులో మనకు తెలుసు. ఆయన ఒక బాధ్యత అప్పగించమని అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆయన భుజం తట్టి, ఈ పనికి నీవు బలహీనుడివి అన్నారు. అది ఒక అమానతు అనీ, దాని హక్కు నెరవేర్చినవారికి తప్ప మిగిలినవారికి ప్రళయదినాన అవమానం, పశ్చాత్తాపం మిగులుతాయనీ చెప్పారు. అంటే మంచివాడు కావడం ఒకటి, ఆ పనికి తగినవాడు కావడం మరొకటి.

మరి హజ్రత్ యూసుఫ్ (అలైహి) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని రాజును కోరారు కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. కానీ ఆయన గౌరవాన్ని కోరలేదు. ఏడేళ్ళ కరువు రాబోతోందని ఆయనకు తెలుసు. కాపాడే నిజాయితీ, నిర్వహించే జ్ఞానం రెండూ తనకున్నాయని చెప్పి మరీ బాధ్యత తీసుకున్నారు. ప్రజల ఆకలి చూసి ముందుకు రావడం వేరు, కుర్చీని చూసి ముందుకు రావడం వేరు. ఆ తేడా మన మనసుకు బాగా తెలుసు. మనసులో ఉన్నది అల్లాహ్‌కు అంతకన్నా బాగా తెలుసు.

ప్రజలు తిననిది తానూ తినలేదు

హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో అరేబియాలో తీవ్రమైన కరువు వచ్చింది. వానలు లేక నేల బూడిదలా మారడంతో దానికి ‘బూడిద సంవత్సరం’ అని పేరు పడింది. ఎడారి తెగలవారు ఆకలితో మదీనా చుట్టూ వచ్చి చేరారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా గవర్నర్‌కు లేఖ రాసి ధాన్యం తెప్పించారు, పెద్ద పెద్ద పాత్రల్లో వండించి అందరికీ పెట్టించారు. ప్రజల కష్టం తీరేవరకూ నెయ్యి, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. ఆలివ్ నూనెతో రొట్టె తిని తిని ఆయన ఒంటి ఛాయ నల్లబడింది. ప్రజలకు తగిలిన దెబ్బ తనకూ తగలకపోతే వారి బాధ తనకెలా తెలుస్తుందన్నది ఆయన వాదన.

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో హంతకుని కత్తిపోట్లకు గురై మంచం మీద ఉన్నప్పుడు, తరువాతి ఖలీఫాను ఎన్నుకునే పనిని ఆయన ఆరుగురు సహాబాలకు అప్పగించారు. తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ని సంప్రదింపులలో కూర్చోనిచ్చారే గానీ పదవిలో ఆయనకు భాగం లేదని తేల్చి చెప్పారు. పదేళ్ళు అంతటి న్యాయంతో పాలించిన మనిషి, చివరి ఘడియల్లో, లాభం లేకపోయినా నష్టం లేకుండా లెక్క సరిపోతే తనకు చాలన్నారు. ఆయనే అంత భయపడితే, మన నిశ్చింతకు ఆధారం ఏమిటి?

మన ఇళ్ళు, మన మస్జిదులు

మనం ఖలీఫాలం కాము కదా అని ఈ మాటల్ని పక్కన పెట్టే వీలు లేదు. ప్రతి ఒక్కరూ కాపరే, తన పోషణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఇంటి యజమాని కాపరి, ఇల్లాలు తన ఇంటికీ పిల్లలకూ కాపరి, నౌకరు యజమాని సొమ్ముకు కాపరి.

తండ్రి పోయాక ఇంటి పెత్తనం పెద్దన్న చేతికి వస్తుంది. పొలం, ఇల్లు, దుకాణం అన్నీ ఆయనే చూసుకుంటాడు. చెల్లెళ్ళకు రావలసిన వారసత్వపు వాటా మాట వచ్చేసరికి, పెళ్ళిళ్ళు ఘనంగా చేశాం కదా అంటాడు. చెల్లెలు బిడియపడి నోరు మెదపదు. ఆమె మౌనాన్ని మనం సమ్మతి అనుకుంటాం. ఆ వాటా నిర్ణయించింది అన్న కాదు, అల్లాహ్. కుండలో నీళ్ళు మరిగించిన ఆ తల్లిలాగే ఆమె కూడా, తనకూ అన్నకూ మధ్య అల్లాహ్‌యే తీర్పు చేస్తాడని రాత్రివేళ అనుకుంటూ ఉండవచ్చు.

మస్జిద్ కమిటీల సంగతి కూడా చూద్దాం. సదర్ పదవి కోసం రెండు వర్గాలుగా చీలి, ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేసినవారే ఒకరి సలాముకు ఒకరు బదులివ్వని స్థితి కొన్ని చోట్ల మనం చూస్తున్నాం. పదవి దక్కాక ఇమామ్ సాహెబ్ జీతం రెండు నెలలుగా అందలేదన్న విషయం తెలియదంటారు. వక్ఫ్ దుకాణం అద్దె ఎంతో, అది ఎక్కడ ఖర్చవుతోందో తెలియదంటారు. మొహల్లాలో ఏ వితంతువు ఇంట్లో బియ్యం నిండుకున్నాయో అసలే తెలియదు. ‘తెలియదు’ అన్న జవాబుకు ఆ పేదరాలు హజ్రత్ ఉమర్ (రజి) ఎదుటే బదులు చెప్పింది కదా!

అయితే, అర్హులంతా భయపడి తప్పుకోవాలని ఇస్లాం చెప్పదు. తగినవారు తప్పుకుంటే అమానతు తగనివారి చేతిలో పడుతుంది. అమానతులను అర్హులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ 4వ సూరాలో ఆదేశిస్తోంది. కాబట్టి అప్పగించేవారి మీద కూడా బాధ్యత ఉంది. బంధుత్వం చూసి, ముఖం చూసి, విందు చూసి ఎన్నుకుంటే మనమూ ఆ అమానతులో ఖియానత్ చేసినట్లే.

ఎన్నుకోవడంతో మన పని ముగియదు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన తరువాత చేసిన మొదటి ప్రసంగంలోనే, మంచి చేస్తే తనకు తోడ్పడమని, తప్పు చేస్తే సరిదిద్దమని ప్రజలను కోరారు. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. మంచి చేసినప్పుడు అసూయపడతాం, తప్పు చేసినప్పుడు ముఖం మీద పొగిడి, వీధి చివర టీ కొట్టు దగ్గర దెప్పిపొడుస్తాం. అది గీబత్ అవుతుందే గానీ సంస్కరణ కాదు.

ఈ రాత్రి ఇషా నమాజు తరువాత కాసేపు కూర్చొని, నా పోషణలో ఉన్నవారు ఎవరెవరు, వారిలో ఎవరి సంగతి నాకు తెలియదు అని మనల్ని మనం ప్రశ్నించుకుందాం. ఒక్క పేరు గుర్తొచ్చినా చాలు, తెల్లవారాక ఆ గుమ్మం ముందుకు మనమే నడిచి వెళదాం. మరొకరిని పంపవద్దు.

ఓ అల్లాహ్! మేము మోయలేని బరువును మాకు ఆశగా చూపకు. నీవు మాకు అప్పగించిన బరువును నిజాయితీగా మోసే శక్తినివ్వు. మా పోషణలో ఉన్నవారు నీ సన్నిధిలో మాపై ఫిర్యాదు చేసే పరిస్థితి నుంచి మమ్మల్ని కాపాడు. ఆమీన్.