పోయినా ఫర్వాలేని సొమ్ము ఏది?

జూదం హరామ్ అని తెలియని ముస్లిం కుటుంబం బహుశా ఉండదు. అయితే కొందరు యువకులు ఇప్పుడు వేరొక వాదన తెస్తున్నారు. 'బ్లాక్‌జాక్ జూదం కాదు, లెక్క. పద్ధతి తెలిసి, డబ్బును క్రమశిక్షణతో వాడేవాడు ఓడిపోడు' అంటున్నారు. గోవాలో మాండవి నది మీది కాసినో ఓడలకు సెలవుల్లో వెళ్ళివచ్చేవారిలో తెలుగువారూ ఉన్నారు. కనుక ఆ లెక్కలోకే కాస్త దిగి చూద్దాం.

ముక్కల మొత్తం 21 దాటకుండా, పంచేవాని కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. ఇదీ ఆట. కాని ముందు ఆడవలసింది ఆటగాడే. అతను 21 దాటితే అక్కడికక్కడే పందెం పోతుంది. ఆ తర్వాత పంచేవాడు కూడా దాటినా ఆ డబ్బు తిరిగి రాదు. కాసినో లాభానికి మూలం ఇదే. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మరో ముక్క అడగాలో కంఠస్థం చేసినవాడు కూడా మామూలు నియమాల కింద ప్రతి 100 రూపాయల పందెం మీద సగటున అర్ధరూపాయి దాకా పోగొట్టుకుంటాడు.

ఇక 'ఓడితే రెట్టింపు' పద్ధతి. 100తో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు ఓడితే పోయేది 12,700 రూపాయలు. ఎనిమిదోసారి 12,800 ఒడ్డాలి. అది గెలిస్తే చివరికి మిగిలే లాభం ఎంత? 100 రూపాయలు! పైగా ప్రతి బల్ల మీదా పందేనికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. అది అడ్డుపడితే రెట్టింపు చేసే దారి కూడా మూసుకుపోతుంది.

నిజమే, వెళ్ళిపోయిన ముక్కలను లెక్కపెడుతూ ఆడితే కాసినోపై పైచేయి సాధించవచ్చని ఎడ్వర్డ్ థోర్ప్ అనే అమెరికా గణిత ఆచార్యుడు 1962లో ఒక పుస్తకంలో చూపాడు. కాసినోలు ఊరుకుంటాయా? పేక కట్టల సంఖ్య పెంచాయి. లెక్కపెడుతున్నాడని అనుమానం వచ్చినవాణ్ణి అనేకచోట్ల ఆడనివ్వవు. సరే, ఒకడు నిజంగానే గెలుస్తున్నాడనుకుందాం. అప్పుడది హలాల్ అవుతుందా?

సోదరులారా! జూదరి ఓడిపోతాడన్న కారణంతో ఖుర్ఆన్ జూదాన్ని నిషేధించలేదు. అందులో ప్రజలకు కొంత ప్రయోజనం ఉందని బఖరా సూరా 219వ ఆయతు ఒప్పుకుంటూనే, పాపం అంతకంటే పెద్దదని తెలుపుతోంది. అజ్ఞాన కాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో వాటాలు తీసేవారు. ఓడినవారు ఒంటె ధర చెల్లించేవారు, గెలిచినవారు మాంసాన్ని బీదలకు పంచేవారు. బీదల కడుపు నింపిన ఆ ఆటను కూడా అల్లాహ్ అనుమతించలేదు. మనుషుల మధ్య శత్రుత్వం రేపి, నమాజు నుండి ఆపే షైతాను పనిగా మాయిదా సూరా దాన్ని పేర్కొంది.

పద్ధతులు నేర్పేవారి మొదటి సూత్రం ఒకటుంది: పోయినా ఫర్వాలేని సొమ్ముతోనే ఆడాలట! మేము ఆగి అడిగేది ఇక్కడే. ఇంట్లో అలాంటి సొమ్ము ఏది? పిల్లల ఫీజా? అమ్మ మందుల డబ్బా? భార్యకు ఇంకా చెల్లించని మహరా? అవన్నీ తీరాక మిగిలిందే అంటారా, ఆ మిగిలినదాని మీద పేద బంధువుకు, ఆకలిగొన్న పొరుగువానికి హక్కు ఉంది. ధనం ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చుపెట్టావు అని ప్రళయదినాన రెండు ప్రశ్నలూ అడగబడతాయని దైవప్రవక్త (స) హెచ్చరించారు. 'నష్టం భరించగలిగాను' అన్నది రెండో ప్రశ్నకు జవాబు కాదు.

ఇప్పటికే చిక్కుకున్నవారు 'పోయింది రాబట్టుకుని మానేస్తాను' అనుకోవద్దు. అది కూడా ఆ రెట్టింపు పద్ధతే. ఆట ఆపి, తౌబా చేసుకుని, అప్పు ఎంతో ఇంట్లో దాచకుండా చెప్పాలి. గెలిచిన డబ్బు చేతిలో ఉండి, ఎవరిదో తెలియకపోతే, పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చివేయాలని పండితులు చెప్పారు. ఇక బంధువులు, జమాఅతు పెద్దలు అలాంటి ఇంటిని దూరం పెట్టకూడదు. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఋణగ్రస్తులూ ఉన్నారు. పాపకార్యం వల్ల అప్పులపాలైనవాడు పశ్చాత్తాపపడి మానేస్తే అతనికీ ఇవ్వవచ్చని పలువురు ధర్మవేత్తలు అన్నారు. అయితే ఆ సొమ్మును అతని అనుమతితో నేరుగా అప్పిచ్చినవానికే చేర్చడం మేలు.