అంగడిలో అస్తేయము

పరుల సొమ్ము నపహరింపరాదని యెరుగనివారు లేరు. ఎన్నడును దొంగతనము చేయని గృహస్థుడు, యోగశాస్త్రమున యమములలో నొకటిగా చెప్పబడిన అస్తేయము తనకు సిద్ధించినదనియే తలంచుట సహజము. కాని మనము చేయి చాపకుండగనే పరుల సొమ్ము మన సంచిలోనికి వచ్చి చేరినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను నన్నడిగినవారు పండితులు కారు. ఖరగ్‌పూరులోని యొక ఇల్లాలు.

ఖరగ్‌పూరు పశ్చిమ బెంగాలులోని రైల్వే పట్టణము. బెంగాల్-నాగపూర్ రైల్వేవారి కాలమునుండి పనులకై అచ్చటికి వెళ్లి స్థిరపడిన తెలుగువారి సంతతి నేటికిని ఆ యూర పెద్దసంఖ్యలో కలదు. అట్టివారి యింట సత్సంగము ముగిసి, అందరును ప్రసాదము స్వీకరించి వెడలిన పిదప, ఆ గృహిణి బెరుకుగా తన సంగతి చెప్పెను. సరకుల విషయమున ఆమె మిక్కిలి జాగరూకురాలు. అత్తగారి కాలమున జీతములనాడు తీర్చెడి ఖాతా పుస్తక ముండెడిదట. పంక్తి పంక్తికిని వ్రేలుపెట్టి చూచు అలవాటు అత్తగారినుండియే వచ్చినది. పుస్తకమునకు మారుగా ఇప్పుడు యంత్రము ముద్రించు బిల్లు వచ్చినను, ఆ యలవాటు పోలేదు. ఒకనాడు నూనె పొట్లముపై ముద్రించిన ధరకంటె బిల్లులో 12 రూపాయలు ఎక్కువ పడినట్లు ఇంటికి వచ్చి చూచుకొని, ఆ సాయంకాలమే మరల వెళ్లి, వాదించి తెచ్చుకొనెను.

పది దినములైన పిమ్మట అదే కొట్టులో కిలో కందిపప్పు పొట్లములు రెండు తీసికొనగా, బిల్లులో ఒకటియే పడినది. ఇదియు ఇంటికి వచ్చిన తరువాతనే తెలిసినది. “స్వామీజీ, ఆనాడు 12 రూపాయలకై పరుగెత్తితిని. ఈ 150 రూపాయలకు నా కాళ్లు కదలలేదు. ఒకనాడు ఎండ యనుకొంటిని, ఒకనాడు పని యనుకొంటిని. నాలుగు దినములైనది. పొట్లము విప్పనూ లేదు, తిరిగి ఈయనూ లేదు” అని ఆమె చెప్పెను.

ఆ విప్పని పొట్లమే నన్ను ఆలోచింపజేసినది. మనకు నష్టమైనపుడు దానిని మోసమందుము; లాభమైనపుడు మన ప్రాప్తమందుము. జరిగినది రెండుచోట్లను ఏమరుపాటే.

సాధకునకు ఈ చిల్లర లెక్కలేల, ఆ 12 రూపాయలను కూడ వదలివేయరాదా యని కొందరనవచ్చును. శ్రీరామకృష్ణులు అట్లనలేదు. తరువాత స్వామి యోగానందులైన శిష్యుడు ఒకమారు అంగడివాని మాట నమ్మి, పరీక్షింపకయే ఇనుప మూకుడు కొని తెచ్చెను. చూడగా అది పగిలియుండెను. భక్తుడైనంత మాత్రమున తెలివిలేనివాడుగా నుండవలెనా, అంగడివాడు ధర్మాచరణకై అచ్చట కూర్చుండలేదు గదా యని గురుదేవులు మందలించిరి. నాలుగు అంగళ్లు తిరిగి ధర విచారింపవలెననియు, కొసరు ఇచ్చు వస్తువునకు కొసరు కూడ అడిగి తేవలెననియు బోధించిరి. ఆ గురుదేవులే జగన్మాతకు సర్వమును సమర్పించియు, సత్యమును మాత్రము సమర్పింపలేకపోయిరి. ఇందు వైరుధ్యమేమియు నాకు తోచదు. మూకుడులోని పగులును చూడవలసిన కన్నే బిల్లులో జారిపోయిన పంక్తిని కూడ చూడవలెను. ఒక ప్రక్కకే చూచు జాగ్రత్తలో లోభము కొంత కలిసియుండును.

ఈ విషయమున లోకపు చట్టము కూడ పక్షపాతము చూపలేదు. పొట్లముపై ముద్రించిన గరిష్ఠ ధరకు మించి పుచ్చుకొనరాదని అమ్మువానిని కట్టడిచేసినది. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 72వ విభాగమున, పొరపాటున చెల్లించిన సొమ్మునుగాని పొరపాటున అందిన వస్తువునుగాని పుచ్చుకొన్నవాడు తిరిగి యీయవలెనని విధించినది. అయినను కిలో పప్పునకై న్యాయస్థానమున కెక్కువా రెవ్వరు?

అన్ని తప్పులును ఒక్కతీరువి కావు. అలమరపై 80 రూపాయలని వ్రాసి బిల్లులో 95 వేసినచో, వ్రాసిన ధరకే యిమ్మని యడుగుటలో దోషము లేదు. 200 రూపాయల వస్తువుపై సున్న జారి 20 అని చీటి పడగా, అది తప్పని తెలిసియే పది తీసికొనిపోవుట వేరు. మొదటిచోట అతని మాటను నమ్మితిమి. రెండవచోట అతని కునుకుపాటును వాడుకొంటిమి. నడుమ సందేహమైనవి కొన్ని యుండును. అట్టిచోట నోరు తెరచి అడుగుటకన్న వేరు మార్గము నాకు కనబడలేదు.

“పెద్ద కొట్టు గదా, వారికి లోటేమి” అని ఆమె కుమారుడనెనట. నేనిట్లంటిని: “అమ్మా, బిల్లులో పడని పొట్లమువలన ఆనాటి పైకము లెక్క తప్పదు. సరకు లెక్కించునాడు ఒక పొట్లము తక్కువగును. అపుడు అనుమానము ఎవరిమీద పోవును? సరకు సర్దు పిల్లవానిమీదనే గదా.” ఆమె చాలసేపు మాటాడలేదు.

తలపై పక్షులు గూడుకట్టునంత నిశ్చలముగా తపస్సు చేసిన జాజలి, ధర్మము నెరుగుటకై కాశీలో త్రాసు పట్టి సరకులమ్ము తులాధారుని కడకు పోయినట్లు శాంతిపర్వమున కలదు. అది అమ్మువారికి చెప్పిన కథయని మనము తరచుగా అనుకొందుము. త్రాసున కీవల నిలిచినవాడును ఆ ముల్లునే చూచుచుండును గదా!

ఆమె వెళ్లుటకు నిశ్చయించుకొన్నపుడు ఒక్క మాట చెప్పితిని. నలుగురు వినునట్లు చెప్పవలదు. పిల్లవాని తప్పును చాటి మన నిజాయితీని ప్రకటించుకొనుటయు ఒక విధముగా ధర పుచ్చుకొనుటయే. మరునాడు ఆమె సందడిలేని వేళ చూచి వెళ్లినది. మరల తగవునకు వచ్చినదనుకొని ఆ పిల్లవాడు అడుగక మునుపే క్షమింపుమనెనట. సంగతి తెలిసికొని పప్పునకు బిల్లు వేసి, ఆమె యిచ్చిన 200 రూపాయల నోటునకు చిల్లర యిచ్చెను. దానిని అచ్చటనే నిలిచి రెండుమారులు లెక్కపెట్టుకొని వచ్చితినని ఆమె ఆ సాయంకాలము నాతో చెప్పెను.