ఆ ఒక్క తలుపే తెరుచుకుంటే?



గత జనవరిలో ఒక ఆదివారం ఉదయం పూజ ముగించుకుని గదికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుంచి. ఇరవై నాలుగేళ్ల క్రితం నేను మరో విచారణలో ఉన్నప్పుడు నా చేతుల మీదుగా వివాహమాడిన దంపతులు. అక్కడ అప్పటికి శనివారం అర్ధరాత్రి కావస్తోంది. ఆ వేళప్పుడు ఫోను అంటే ఎవరికి ఏమైందోనని నా గుండె ఝల్లుమంది.

"కంగారు పడకండి ఫాదర్ గారూ, అమ్మాయి చదువు విషయం" అన్నాడు తండ్రి.

మన దగ్గర ఇంటరు కాగానే నీట్ రాసి, ర్యాంకును బట్టి వైద్యవిద్యలో చేరతారు. అమెరికాలో పద్ధతి వేరు. సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. తర్వాత ఎంక్యాట్ అనే పరీక్ష రాయాలి. పదీ ఇరవై కాలేజీలకు దరఖాస్తు పెట్టాలి. ఒక్కోదానికి ఒక్కో రుసుము. ఆ పైన పిలుపు వస్తే ఇంటర్వ్యూ. 2020లో కోవిడ్ వచ్చాక చాలా కాలేజీలు వీడియో ద్వారా ఇంటర్వ్యూలు మొదలుపెట్టాయి. కొన్ని ఇప్పటికీ స్వయంగా రమ్మంటాయి. రానూపోనూ ఖర్చు విద్యార్థిదే.

ఈ అమ్మాయి కోరుకున్నది సొంత రాష్ట్రంలోని కాలేజి. అక్కడ ఇంటర్వ్యూ అయింది, జవాబు రాలేదు. ఇంతలో వేరే రాష్ట్రంలోని ఒక ఆస్టియోపతి వైద్య కళాశాల స్వయంగా రమ్మని పిలిచింది. జాబితాలో అది చిట్టచివరి పేరు. విమానం, రెండు రాత్రుల బస, టాక్సీ, ఇంటర్వ్యూకు కొత్త దుస్తులు అన్నీ కలిపి తొమ్మిది వందల డాలర్లు అవుతుందని వారి లెక్క. తండ్రికి ఉద్యోగం పోయి మూడు నెలలు. తల్లి నర్సు, అదనంగా రాత్రి డ్యూటీలు చేస్తోంది. కొడుకు కాలేజి ఫీజు కట్టవలసిన గడువు దగ్గరపడింది.

"ఇష్టం లేని కాలేజికి ఇంత పోసి వెళ్లడం దండగ కదా ఫాదర్? వెళ్లకపోతే దేవుడిచ్చిన అవకాశాన్ని కాలదన్నినట్టు అవుతుందేమో? మీరే చెప్పండి."

నేను వెంటనే చెప్పలేదు. ఇలాంటి నిర్ణయం గురువు చేసి పెట్టేది కాదు. అయితే, నిర్ణయించుకునే దారి మాత్రం చూపించవచ్చు. ఆ రాత్రి వారికి చెప్పిన మాటలే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి మాట డబ్బు గురించి. పిల్లల భవిష్యత్తు ముందు డబ్బు లెక్కేమిటి అని మనం గొప్పగా అంటుంటాం. కాని ఆ డబ్బు తల్లి నిద్ర మానుకుని సంపాదించినది. అందులో తమ్ముడి వాటా కూడా ఉంది. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయేవాని ఉపమానం ఉంది కదా! ప్రభువు అది శిష్యరికం గురించి చెప్పారు. అయినా, ముందుగా ఖర్చు లెక్క చూసుకోవడం విశ్వాసలోపం కాదని అందులోనే తెలుస్తోంది. అయితే ఒక్క జాగ్రత్త. "దరఖాస్తులకు ఇప్పటికే ఇంత పోశాం, ఇప్పుడు ఆగిపోతే అదంతా వృథా" అనే వాదన వినవద్దు. పోయిన డబ్బు వెళ్లినా తిరిగి రాదు, వెళ్లకపోయినా రాదు. ఇక ఖర్చు పెట్టబోయే డబ్బు గురించే మనం నిర్ణయించగలం.

రెండవది నిజాయితీ. "నాకిష్టం లేని చోటికి వెళ్లి, మీ కాలేజి అంటే నాకిష్టం అని ఎలా చెప్పను? అది అబద్ధం కాదా?" అని అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మొదటి కోరిక కాని చోటికి వెళ్లడంలో అబద్ధం లేదు. ఇంటర్వ్యూ పెళ్లిచూపుల వంటిది. వారు మనల్ని చూస్తారు, మనం వారిని చూస్తాం. "మీదే నా మొదటి కోరిక" అని లేని మాట చెబితే అది అబద్ధం. అంతకంటే కోరుకున్న సీటు చేతిలో పడ్డాక కూడా, ఎన్ని చోట్ల ఎంపికయ్యానో చెప్పుకోవడం కోసం ఇంటర్వ్యూకు వెళితే అది మరొకరి కుర్చీలో కూర్చోవడమే. అటువంటప్పుడు వెంటనే రానని మర్యాదగా ఉత్తరం రాయాలి. ఆ తేదీ కోసం ఎదురు చూస్తున్న బిడ్డ ఎవరో ఉంటారు.

మూడవది, ఆ కాలేజి తక్కువదని నిర్ణయించింది ఎవరు? ఇక్కడ తండ్రి కొంచెం తడబడ్డాడు. "ఆస్టియోపతి అంటే ఎముకలు సరిచేసేవాళ్లా అని మా వాళ్లు నవ్వుతారేమో ఫాదర్" అన్నాడు. ఆ వాళ్ల తప్పు కూడా కొంత లేదు. ఇంగ్లండు వంటి దేశాల్లో ఆస్టియోపతులు చేతులతో చికిత్స చేసేవారే. వారికి వైద్యుల హోదా లేదు. అమెరికా సంగతి వేరు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు మొదటి ఆస్టియోపతి కళాశాల పెట్టాడు. నేడు ఆ చదువు పూర్తిచేసినవారు యాభై రాష్ట్రాల్లోనూ మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. 2020 నాటికి పైచదువు శిక్షణలకు గుర్తింపునిచ్చే వ్యవస్థ కూడా రెండు రకాల వైద్యులకూ ఒకటే అయింది. ఇంటికి ఎంత దూరం, ఫీజు ఎంత, కోరిన శాఖలో శిక్షణ దొరకడం తేలికా కష్టమా – ఇవి న్యాయమైన కారణాలు. చుట్టాలు నవ్వుతారనేది కారణం కాదు.

పునీత ఇన్నాసి వారు తమ ఆధ్యాత్మిక సాధనల్లో ఇందుకొక ఉపాయం చెప్పారు. ఎన్నడూ చూడని మనిషి ఒకరు ఇదే చిక్కుతో మన దగ్గరకు వచ్చినట్టు ఊహించుకోవాలి. అతనికి ఏ సలహా ఇస్తామో, మనమూ అదే చేయాలి. అపరిచితునికి సలహా ఇచ్చేటప్పుడు మన చుట్టాల నవ్వు మనకు వినిపించదు కదా!

చివరగా ఆ అమ్మాయిని ఒక్కటే ప్రశ్న అడిగాను. "అమ్మా, మిగతా తలుపులన్నీ మూసుకుని, ఆ ఒక్క తలుపే తెరుచుకుందనుకో. లోపలికి వెళతావా? వెళతానంటే ఈ ఖర్చు దండగ కాదు, వెళ్లు. ఒక ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నిస్తాను గాని అక్కడ చేరను అంటావా, అదీ తప్పు కాదు. అప్పుడు డబ్బు మిగుల్చు, తేదీ మరొకరికి వదులు. జవాబు మాత్రం నిజంగా నీదై ఉండాలి."

పునీత తోమాసు అక్వినాసు వారు వివేకానికి మూడు పనులు చెప్పారు: ఆలోచించడం, తీర్పు చేసుకోవడం, ఆ తీర్పును ఆచరణలో పెట్టమని తనకు తాను ఆజ్ఞాపించుకోవడం. మూడింటిలో చివరిదే ముఖ్యమన్నారు. మన ఇళ్లలో మొదటి పని నెలల తరబడి సాగుతుంది, మూడవది జరగనే జరగదు. గడువు దాటాక దేవుని చిత్తం అంటాం. అది మన బద్ధకాన్ని ఆయన మీదికి నెట్టడం కాదా?

రెండు రోజుల తర్వాత అమ్మాయే ఫోను చేసింది. "వెళతాను ఫాదర్. అదొక్కటే తీసుకుంటే అక్కడే చదువుతాను. ఆలోచిస్తే నాకు ఇష్టం లేనిది ఆ కాలేజి కాదు. అత్తయ్యకు ఏమని చెప్పాలా అని, అంతే" అంది.

విమానం మానుకున్నారు. ఉద్యోగం లేదు కాబట్టి నాకు తీరిక ఉంది అంటూ తండ్రే తొమ్మిది గంటలు కారు నడిపి తీసుకెళ్లాడు. ఖర్చు మూడో వంతుకు దిగింది. తమ్ముడి ఫీజు గడువులోగా కట్టారు.

ఫలితం ఏమైందని అడుగుతారు. ఈ మాటలు రాసే నాటికి ఆమె పేరు నిరీక్షణ జాబితాలో ఉంది. అయితే ఆ నిర్ణయం పొరపాటా? నేననుకోను. తెలిసినంతలో నిజం చూసి, ఎవరికీ అన్యాయం చేయక, తన మనసుకు తాను అబద్ధం చెప్పక తీసుకున్న నిర్ణయం అది. సీటు వచ్చినంత మాత్రాన అది మరింత మంచిదీ కాబోదు, రానంత మాత్రాన చెడ్డదీ కాబోదు. విత్తినవాడు వాన కురిపించలేడు. విత్తనం మంచిదా కాదా అని మాత్రం చూసుకోగలడు.

మన విచారణల్లోనూ కౌన్సెలింగు రోజులు వస్తాయి. ఆప్షన్లు పెట్టే ముందు తల్లిదండ్రులు, పిల్లలు ఒక్క సాయంత్రం టీవీ కట్టేసి కూర్చోండి. ప్రతి కాలేజి పేరు దగ్గరా ఆగి, "ఇదొక్కటే వస్తే?" అని అడగండి. ముందు బిడ్డను చెప్పనివ్వండి. పెద్దలు తర్వాత మాట్లాడవచ్చు.