వెనుక కూర్చున్నవాడు

ఆదివారము సాయంకాలము శామీర్‌పేట చెరువు సమీపమున, రాజీవ్ రహదారి పక్కన కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి బోధపడును. ఒంటరిగా మోటారు సైకిలుపై పోవు యువకుడు సాధారణముగా తన దారిన తాను పోవును. వెనుక ఇద్దరు మిత్రులెక్కి, పక్కన మరియొక బండి తోడైనచో అతడే వేరు మనిషి యగును. బండి అదే, రోడ్డు అదే. చూచు కన్నులు మాత్రము వచ్చి చేరినవి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అను పరిశోధకులు 306 మందిచేత కంప్యూటరుపై కారు నడుపు ఆట నాడించి, 2005లో ఫలితములను ప్రకటించిరి. పసుపు దీపము వెలిగిన పిదప ఎంత దూరము సాహసింతురన్నదే పరీక్ష. తోటివారు చూచుచుండగా చిన్న వయసువారు ఒంటరిగా ఆడినప్పటికంటె మిక్కిలి తెగించిరి. 24 ఏండ్లు దాటినవారిలో ఆ భేదము అంతగా కానరాలేదు.

అట్లయిన ప్రమాదము జరిగినప్పుడు దోషమెవరిది? 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ దీనికి కొంత సమాధానము చెప్పినది. మైనరు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకుడు లేక బండి యజమాని కూడ దోషియే. 3 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 మాసములు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లేదు. తనకు తెలియదనియో, ఆపుటకు తగిన ప్రయత్నము చేసితిననియో రుజువు చేసికొన్న పెద్దలు మాత్రమే శిక్ష తప్పించుకొందురు. మంచి చట్టమే. కాని అది తాళపుచెవి చేతికిచ్చిన నాటినుండి లెక్క మొదలుపెట్టును. పిల్లవాని చదువు అంతకు పదేండ్ల ముందే మొదలైనదన్న సంగతి దానికి తెలియదు.

నాకును ఆలస్యముగనే తెలిసినది. మేడ్చల్‌లో మా వీధినుండి అంగడికి పోవలెనన్న, జాతీయ రహదారిపై యూటర్న్ కొరకు చాల దూరము పోవలెను. కావున ఎన్నో ఏండ్లుగా నేను స్కూటరుపై ఆ కొద్ది దూరము రాంగు రూటుననే పోవుచుంటిని. మనుమడు వెనుక కూర్చుండెడివాడు. నిరుడు వానికి 18 నిండి లైసెన్సు వచ్చినది. ఒకనాడు నన్నెక్కించుకొని అదే చోట అట్లే మలుపు తిప్పెను. ఎదుట టిప్పరు లారీ. వెంట్రుకవాసిలో తప్పినది. నేను కేకలు వేసితిని. వాడు బండి పక్కకు నిలిపి, "నువ్వు గూడ ఇట్లనే వస్తవు గద తాతా!" అనెను. వాని గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఆశ్చర్యమే యున్నది. నేను బదులు చెప్పలేకపోతిని.

మన ఇండ్లలో ఇష్టలింగమును గురువు చేతిమీదుగా, దీక్షతో, నియమములు చెప్పి ఇప్పింతుము. బండి తాళపుచెవిని మాత్రము పుట్టినరోజు కానుకగా ఒక్కమాటైన చెప్పక ఇచ్చివేయుచున్నాము. చేయు పనియందే భక్తి యున్నదని బసవన్న కాయకమును బోధించెను గదా, రోడ్డుపై మన నడవడి ఆ లెక్కలోనికి రాదా?

ఇట్లు దోషమును పెద్దలకు, మిత్రులకు పంచినచో నడుపువాని భారము తగ్గిపోదా యని కొందరడుగవచ్చును. దోషము పంచుకొన్నకొద్ది తరుగు ఆస్తి కాదు. వానిది వానికి పూర్తిగా నుండును. మనది అదనముగా చేరును. వెనుక కూర్చుండి "ఇంకా పోనీ" యన్న మిత్రునిది ఒక పాలు, ఏమియు ననక నవ్వి ఊరకున్నవానిది ఇంకొక పాలు. ఆ మౌనమే నాకు ఎక్కువ భయము గొలుపును. ఏలనన, ఈ వయసున తండ్రి మాట చెవికెక్కదు, స్నేహితుని మాట ఎక్కును. "నన్ను ఇక్కడ దించు, బస్సులో వచ్చెదను" అనగల స్నేహితుడు ఒక్కడు చాలును. శరణుల సాంగత్యమును మన పెద్దలు అంతగా కోరుట ఊరక కాదు.

ఆ దినమునుండి మనుమడును నేనును ఆ దూరపు యూటర్న్ వరకు పోయి తిరిగి వచ్చుచున్నాము. మొదటి వారము వాడు మాటిమాటికి గడియారము చూచుకొనెడివాడు.