సభామర్యాద ఎవరి మర్యాద?

శాసనసభ నడిచే తీరు ఒకటి, గూడెంలో చెట్టుకింద సభ నడిచే తీరు ఒకటి. ఈ రెంటికీ పొత్తు కుదరనప్పుడు ఏది దేనికి లొంగాలి? ఆదివాసుల తరఫున సభలో అడుగుపెట్టిన సభ్యుడు సభామర్యాదను తాను నేర్చుకోవాలా, తన జనం మర్యాదను సభకు నేర్పాలా? పైకి ఇది న్యాయవాదులకు వదిలిపెట్టవలసిన ప్రశ్నలా కనిపిస్తుంది. కాని ఎవరి మాట వినకుండా ఎవరి బతుకును తేల్చవచ్చుననేదే ఇందులోని అసలు సంగతి. కనుక ఇది నైతిక ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకాల్లో ఎదురుకాలేదు. మంగినపూడిలో ఎదురైంది. నా విద్యార్థి ఒకడు అక్కడి పల్లెకారుల బిడ్డ. తమ పల్లెలో కట్టుబాటు చేసుకునేందుకు సభ కూడుతున్నదని ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. సన్నకన్ను వలలతో కొందరు ఏటిలోని పిల్లచేపను కూడా వూడ్చేస్తున్నారు. కొన్నాళ్ళపాటు ఏటిలో ఎవరూ దిగకూడదని కట్టుబాటు చేయాలి. పొద్దున మొదలుకావలసిన సభ మధ్యాహ్నం దాకా మొదలుకాలేదు. రెండు పడవలు ఇంకా సముద్రంలోనే వున్నాయి. "ఆళ్ళు రాకుండా మనమెట్టా తేలుస్తాం?" అన్నాడొక పెద్దాయన. పడవలు వచ్చాయి. మాటలు సాగాయి. ఎవరూ చేతులెత్తించి లెక్కపెట్టలేదు. ఒప్పుకోనివాణ్ణి మళ్ళీ మళ్ళీ మాట్లాడనిచ్చారు. అతని కష్టానికి కొంత వెసులుబాటు చూపించారు. అతను కూడా సరేనన్న తరువాతనే లేచారు.

నాకు ఒళ్ళు పులకరించింది. రెండు మాటలు చెప్పమంటే, పార్లమెంటు మీ దగ్గర పాఠం నేర్చుకోవాలని చెప్పాను. తిరిగి వస్తుంటే విద్యార్థి నాయనమ్మ నన్ను ఆపింది. ఆమె బందరు వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. "బాగానే చెప్పావు బాబూ. అమ్ముకునే మమ్మల్ని ఒక్క మాటన్నా అడిగారా? ఆ ఏట్లో పీతలు పట్టుకు బతికే యానాదోళ్ళని పిలిచారా?" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది. సముద్రంలో వున్న పడవల కోసం పూటంతా ఆగిన సభ, కేకవేస్తే పలికే దూరంలో వున్న మనుషులను పిలవలేదు. వారు లేరన్న సంగతి అంతసేపు అక్కడ కూర్చున్న నాకు తోచనైనా తోచలేదు.

ఆ సిగ్గుతోనే ఇంటికి వచ్చి రాజ్యాంగ పరిషత్తు చర్చలు మళ్ళీ చదివాను. 1946 డిసెంబరు 19న నెహ్రూ లక్ష్యాల తీర్మానం మీద జైపాల్ సింగ్ మాట్లాడాడు. ఆయన ముండా తెగవాడు. 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్ పోటీలలో మన హాకీ జట్టు నాయకుడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పడం మీవల్ల కాదు, వారి దగ్గర మీరే నేర్చుకోవాలి అన్నది ఆ ప్రసంగసారం. ఈ మాటను మనం వేదికల మీద తరచు చెప్పుకుంటాం. అదే ప్రసంగంలో ఆయన మరొక మాట అన్నాడు: ఈ పరిషత్తులో మగవాళ్ళు మరీ ఎక్కువయ్యారు, స్త్రీలు ఇంకా కావాలి. దీనిని మరచిపోతాం. నా వుద్దేశంలో ఇవి రెండు మాటలు కావు. సభకు తన జనం ఆచారాన్ని చూపించినవాడే, సభలో లేనివారిని కూడా లెక్కపెట్టాడు. మొదటి మాటను మాత్రమే పట్టుకుని నేను మంగినపూడిలో మాట్లాడాను.

ఆ తరువాతి చరిత్ర చూడండి. భిల్లు తెగకు చెందిన లోక్‌సభ సభ్యుడు దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన ఒక సంఘం 1995లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1996 డిసెంబరులో పెసా చట్టం వచ్చింది. తమ ఆచారాలప్రకారం వ్యవహారాలు నడుపుకునే ఆవాసమే గ్రామమని, తన సంప్రదాయాలనూ వనరులనూ తగవులు తీర్చుకునే పద్ధతినీ కాపాడుకునే అధికారం గ్రామసభకు వున్నదని ఆ చట్టం ఒప్పుకున్నది. చెట్టుకింద సభకు పార్లమెంటు తలవంచిన సందర్భం ఇది. కాని భూసేకరణ దగ్గరకు వచ్చేసరికి అది గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో "సంప్రదించాలి" అన్నదేగాని, అంగీకారం పొందాలనలేదు. 1998లో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని అమలుపరుస్తూ చేసిన చట్టంలో ఆ సంప్రదింపును మండల పరిషత్తుకు అప్పగించింది. గూడెం నుంచి మాట మండల కార్యాలయానికి వెళ్ళిపోయింది. సభామర్యాదకు ఏ లోపమూ రాలేదు. నష్టపోయేవాడు మాత్రం సభలో లేకుండాపోయాడు.

దీనికి ఎదురుగా మన పార్వతీపురానికి అవతల, ఒడిశాలోని నియమగిరిని చూడండి. సుప్రీంకోర్టు తీర్పును అనుసరించి 2013లో ఆ కొండ పల్లెల్లో 12 సభలు జరిగాయి. స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. బాక్సైటు గని వద్దని పన్నెండు సభలూ చెప్పాయి. గని ఆగింది. అక్కడ అడిగింది సలహా కాదు, సమ్మతి. ఒక చట్టం విలువంతా ఈ రెండు మాటల తేడాలో వున్నది.

ఇక్కడ మిత్రులు రెండు ఆక్షేపణలు తీసుకువస్తారు. ఆచారమంటేనే పాత సమాజపు అవశేషమనీ, దానిని సభలోకి తేవడం వెనకడుగనీ ఒకటి. 1884లో ఎంగెల్స్, మోర్గాన్ పరిశోధనను ఆధారం చేసుకుని, ఇరోక్వాయి గణసభలో స్త్రీపురుషులందరికీ సమానమైన ఓటు వుండేదని రాశాడు. ఆ కాలానికి తిరిగిపోదామని ఆయన అనలేదు. ఆ సమానత్వాన్ని చిన్నచూపూ చూడలేదు. మనమూ ఆచారానికి మొక్కనక్కరలేదు, దానిని తోసిపుచ్చనూ అక్కరలేదు. అందులో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు బయట నిలబడ్డారో చూస్తే చాలు.

రెండవ ఆక్షేపణ గట్టిది. అందరూ ఒప్పుకుంటేగాని పని జరగదంటే, భూపరిమితి చట్టానికి భూస్వామి కూడా "కాదు" అంటాడు కదా? అంటాడు. అయితే బతుకు పోయేవాడి "కాదు", పెత్తనం పోయేవాడి "కాదు" ఒకటి కావు. మొదటిదాని కోసం సభ ఆగాలి. రెండవదానిని విని ముందుకు సాగాలి. ఈ రెంటినీ వేరుచేసే సూత్రం ఏ నిబంధనల పుస్తకంలోనూ దొరకదు. సభ్యుడి వివేకానికి పరీక్ష అక్కడే.

కెనడా వుత్తరాన ఇన్యూట్ జనం అధికంగా వున్న నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది. అక్కడి శాసనసభలో పార్టీలు లేవు, సభ్యులే ప్రధానమంత్రిని, మంత్రులను ఎన్నుకుంటారు, ఏకాభిప్రాయమే పద్ధతి. ఆదివాసి సభ్యులు పార్లమెంటరీ విధానాన్ని తమ సంప్రదాయానికి మలచుకున్న ఘనమైన వుదాహరణ అది. కాని ప్రతి నియోజకవర్గం నుంచి ఒక పురుషుణ్ణీ ఒక స్త్రీనీ ఎన్నుకోవాలన్న ప్రతిపాదన 1997లోనే అక్కడి ప్రజాభిప్రాయ సేకరణలో వీగిపోయింది. ఏకాభిప్రాయం మంచిదే, ఎవరెవరి ఏకాభిప్రాయమన్న ప్రశ్న మిగిలే వుంటుంది.

తెలుగులో మర్యాద అంటే గౌరవమే కాదు, హద్దు కూడా. సభామర్యాద కొందరికి గౌరవం, కొందరికి హద్దు. ఆదివాసి సభ్యుడి పని అందువల్ల రెండు విధాలైనది: తన జనం ఓపికను సభకు నేర్పాలి, సభ ఒప్పుకున్న సమానత్వాన్ని తన జనం ముందూ పెట్టాలి. మొదటిది చేస్తే చప్పట్లు వస్తాయి. రెండవది చేస్తే ఇంట్లోనే శత్రువులు పుడతారు.

కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. యానాదులు షెడ్యూల్డు తెగే అయినా పెసా వారి గుడిసె దాకా రాదు. మంగినపూడి పక్కనే 2023 మే నెలలో బందరు రేవు నిర్మాణం మొదలైంది. తీరం మారుతున్నది. ఇకముందు ఈ ఏటి గురించి, ఈ ఒడ్డు గురించి జరిగే సభలు పల్లెలోవి మాత్రమే కావు. వాటికి పిలుపు ఎవరికి అందుతుందన్నదే ప్రశ్న.

మరుసటి వారం మా విద్యార్థి తరగతిలో లేచి అడిగాడు: "మాస్టారూ, మా కట్టుబాటు ప్రజాస్వామ్యమా, కాదా?" సగమేనన్నాను. మిగిలిన సగం సంగతి మీ పెద్దల ముందు నువ్వే అడగాలన్నాను. అని వూరుకోలేకపోయాను. మా అధ్యాపకుల సమావేశానికి వూడ్చే మనిషి ఒక అర్జీ తెస్తే, కార్యక్రమంలో లేదని పక్కన పెట్టినవాణ్ణి నేనే. అది నిబంధనల ప్రకారమే జరిగింది. ఆమె కోసం మేము ఒక్క గంట కూడా ఆగలేదు.