తెలిసి యమ్మువాడు

ఒక వస్తువు నిస్సారమని నిశ్చయముగా తెలిసిన పిమ్మట, నేటి ధర యిచ్చి కొనువాడు దొరికెను గదా యని దానిని వాని కమ్ముట ధర్మమగునా? కొనువాడు పసివాడు కాడు. బలవంతము లేదు. అబద్ధ మొక్కటియు చెప్పనక్కరలేదు, ఊరకున్న చాలును. ఈ ప్రశ్న ప్రతి సంతలోను ఉన్నదే. 2008వ సంవత్సరపు అమెరికా విపత్తును గూర్చిన రెండు చలనచిత్రములను ఈ నడుమ వెంటవెంట చూచినప్పుడు అది మాకు మరల తటస్థించినది. చూచిన పిమ్మట ఆ చిత్రములలోని వారిని గూర్చి కంటె మమ్ము గూర్చియే యెక్కువ కలతపడితిమి.

విపత్తు మూలము సంగ్రహముగా చెప్పుదుము. అక్కడి బ్యాంకులు ఇండ్లమీద అప్పులిచ్చినవి. పుచ్చుకొన్నవాడు తీర్చగలడా యను విచారణ నానాటికి సడలెను. ఏలయన అప్పిచ్చినవాడు ఆ పత్రమును తనయొద్ద నుంచుకొనడు. అట్టి పత్రములను వేలకొలదిగా మూటగట్టి, ముక్కలు చేసి, పెట్టుబడిగా పరుల కమ్ముదురు. యోగ్యత నిర్ణయించు సంస్థలు అమ్మువారియొద్దనే రుసుము పుచ్చుకొని, వానిలో పెక్కింటికి అత్యుత్తమ శ్రేణి నొసగినవి. ఇండ్ల ధరలు పడిపోగా గుట్టు బయటపడెను. 2008 సెప్టెంబరు 15వ తేదీన లేమన్ బ్రదర్స్ దివాలా తీసెను. మరుసటి నెలలో బ్యాంకుల నాదుకొనుటకై 70,000 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనమును శాసనసభ కేటాయించెను.

జె. సి. చాందార్ 2011లో తీసిన ‘మార్జిన్ కాల్’ పేరు చెప్పని యొక సంస్థలో ఒక రాత్రి, ఒక పగలు జరిగిన కథ. ఉద్యోగమునుండి తొలగింపబడిన ఎరిక్ డేల్ అసంపూర్తిగా విడిచిన లెక్కను ఒక యువకుడు పూర్తిచేయగా, చేతనున్న పత్రముల నష్టము సంస్థ విలువనంతటిని మింగివేయగలదని తేలును. సర్వాధికారి టల్డ్ రాత్రికి రాత్రి వచ్చి, లోకము మేలుకొనకముందే సమస్తమును అమ్మివేయుడని యాజ్ఞాపించును. విలువ లేనిదని యెరిగి యెట్లు అమ్ముదుమని విక్రయాధిపతి శామ్ రోజర్స్ వాదించును. కొనువారు ఇష్టపడియే కొనుచున్నారని టల్డ్ సమాధానము. తన పాలి సరుకులో నూటికి 93 వంతులు వదిలించుకొన్న ప్రతి విక్రేతకును 14 లక్షల డాలర్ల బహుమానము. వాదించిన శామే తనవారిని ఫోనులకడకు పంపును. కొనువారి ముఖములు మనకు కనబడవు.

ఇక్కడనే మేము పట్టుబడితిమి. అమ్మకము సాగుచుండగా, అది త్వరగా ముగిసిన బాగుండునని మా మనసు తహతహలాడినది. రాత్రియంతయు వారితో మేల్కొనియుంటిమి గదా! ఎవరి ముఖములు చూచుచుంటిమో వారి మేలే కోరితిమి. శామ్ తన పెంపుడు కుక్కకై దుఃఖించినప్పుడు మా కన్నులు చెమ్మగిలినవి. ఆ యుదయమున మునిగినవారికై చెమ్మగిలలేదు.

మైకేల్ లూయిస్ గ్రంథము ననుసరించి ఆడమ్ మెకే 2015లో తీసిన ‘ది బిగ్ షార్ట్’ లోని నాయకులు అమ్మువారు కారు, పందెము కట్టువారు. ఇండ్ల యప్పులు మునుగునని ముందే గ్రహించి, మునిగినచో తమకు సొమ్ము వచ్చునట్లు బ్యాంకులతో ఒడంబడిక చేసికొందురు. వీరు దాచిన దేమియు లేదు. బ్యాంకులే వీరిని వెర్రివారనుకొని నవ్వినవి. ఇద్దరు యువకులు పత్రికవారి కడకు పోయి చెప్పినను వినబడలేదు. కావున టల్డ్‌ను, వీరిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు. ఆయినను ఇందును మేము పట్టుబడితిమి. జనులు అప్పులు చెల్లించలేకున్నను పత్రముల ధర పడిపోలేదేమని నాయకులతోపాటు మేమును కోపించితిమి. ఆ కోపమున కర్థమేమి? ఇండ్లు ఇంకను త్వరగా కూలవలెననియే గదా! లాభము ఖాయమని యువకులు గంతులు వేయగా, మనము గెలిచితిమన్న జనులకు ఇండ్లు పోవునని బెన్ రికర్ట్ గద్దించును. ఆ గద్దింపు మాకును తగిలినది.

మెకే ఒక మేలు చేసెను. ఫ్లోరిడాలో ఒక యింటి యజమాని తన కుక్క పేర అప్పు పుచ్చుకొని తీర్చకుండును. ఆ సంగతి తెలియక అద్దె చెల్లించుచు బిడ్డతో కాపురమున్నవానిని చూపును. చివరకు అతడే ఇల్లు పోయి కుటుంబముతో వ్యానులో కనబడును. అది క్షణకాలమే. మైకేల్ బరీ బల్లపై తన లాభము నూటికి 489 అని వ్రాసిన యంకె మాకు అంతకంటె బాగుగా జ్ఞాపకమున్నది, చెప్పుటకు సిగ్గగుచున్నది.

టల్డ్ పేరు వినగానే సంస్కృతము చదివిన చెవికి తులాధారుడు స్మరణకు వచ్చుట కాకతాళీయమే. భారతమున శాంతిపర్వములో, జడలలో పిట్టలు గూడుకట్టినను కదలని జాజలి, వారణాసిలో సరకు లమ్ముకొను తులాధారునియొద్ద ధర్మము తెలిసికొన వచ్చెను. ఆ వర్తకుని ధర్మము త్రాసులోనే యున్నది. అది యెల్లవారికిని సమముగా తూగవలెను. టల్డ్ త్రాసు నొక్కలేదు, రాయి మార్చలేదు. తనకు తెలిసినదానిని మాత్రము తూకమున వేయలేదు. సంస్థ కూలిన తన యుద్యోగులు వీధిపాలగుదురని వాని పక్షమున చెప్పవచ్చును. అది తేలికైన మాట కాదు. కాని తన బరువును తెలియనివాని నెత్తిన దించుటకు ఎవని సమ్మతి పొందినట్లు?

మన యిండ్లలో ఇది లేదా? వైశాఖమున ఎండు బావిని మాఘమున చూపి ఇల్లమ్మువారు లేరా? వరుని మూర్ఛరోగమును మూయుచు సంబంధము కుదుర్చు పెద్దలు, అడుగలేదు గనుక చెప్పలేదందురు. అది టల్డ్ మాటయే.

డేల్‌ను గూర్చి యొక్క మాట మిగిలినది. అతడు పూర్వము వంతెనలు కట్టిన యింజనీరు. ఒహైయో నదిపై తాను కట్టిన వంతెన జనులకు ఎన్ని మైళ్ల ప్రయాణమును తప్పించినదో మెట్లమీద కూర్చుండి లెక్కవేసి చెప్పును. అమ్మకము జరుగు నాడు అతనిని వెదకి తెచ్చి, గంటకింత యని సొమ్మిచ్చి, ఒక గదిలో ఊరక కూర్చుండబెట్టుదురు.